పుంజు ఈకలు కట్టిన పెట్ట

సంక్రాంతికి ముందు మన వైపు పందెం పుంజును కొనేవాడి కళ్లు ముందు రంగు మీద పడతాయి. డేగా, నెమలా, కాకా, పర్లా అని. కాళ్లూ బలమూ ఆ తర్వాత. స్పోర్ట్స్ బైకు కొనబోయే కుర్రాడిదీ అదే వరస. ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ షోరూములో యమహా ఆర్ వన్ ఫైవ్ ముందు నిలబడి అతను మొదట అడిగేది నీలం రంగుందా అని, ఆ తర్వాత ఎంత స్పీడెళ్తుందని. వెంట వచ్చిన తండ్రిది ఒకటే ప్రశ్న: "ఎంతిస్తుంది?" బ్రేకుల సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తరు. నా వాదమంతా ఆ ఎత్తని ప్రశ్న మీదే. కొత్తగా బండెక్కేవాళ్ల కోసం చేసిన ఈ స్పోర్ట్స్ బైకు పందెం పుంజు కానే కాదు. పుంజు ఈకలు కట్టుకున్న పెట్ట. కొత్త మోడలు వచ్చినప్పుడల్లా ఈకలకి మెరుపు పెరుగుతున్న మాట నిజమే. అయితే అసలు పెరుగుతున్నవి పిల్లల్ని దాచుకునే రెక్కలు.

లెక్క చూడండి. 2008లో యమహా ఈ బండిని మన దేశంలో దించినప్పుడు ఇంజను 149.8 సీసీ, బలం 17 గుర్రాలు. 2018లో వచ్చిన మూడో రూపానికి 155 సీసీ, 19.3 గుర్రాలు. 2021 సెప్టెంబరులో వచ్చిన నాలుగో రూపానికి 18.4. అంటే పొగ నిబంధనలు బిగిశాక దాదాపు ఒక గుర్రం వెనక్కి కూడా నడిచింది. పదమూడేళ్లలో నికరంగా పెరిగింది ఒకటిన్నర గుర్రం కూడా కాదు. కొల్లేట్లో గుర్రపుడెక్క అంతకంటే జోరుగా పెరుగుతుంది. మరి అన్నేళ్లూ ఇంజనీర్లు ఏం చేసినట్టు? వాళ్ల పనంతా కొత్తవాడి తప్పుల మీదే సాగింది. మూడో రూపంలో జారే క్లచ్ పెట్టారు. ఆ తర్వాత రెండు చక్రాలకీ ఏబీఎస్ వచ్చింది. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ ఉండాలని 2019 ఏప్రిల్ నుంచి ప్రభుత్వమే నిబంధన పెట్టింది కూడా. నాలుగో రూపంలో వెనక చక్రం ఊరికే గిర్రున తిరిగిపోకుండా పట్టుకునే ట్రాక్షన్ కంట్రోల్ చేరింది. ఈ మూడూ బండిని వేగంగా పరిగెత్తించేవి కావు, పడకుండా చూసేవి. పోస్టరు మీద మాత్రం బండి ఎప్పుడూ పక్కకి ఒరిగే కనిపిస్తుంది, పడిపోవడమే దాని ఉద్యోగం అన్నట్టు.

ఈ సరంజామా విలువ రేసు ట్రాకు మీద కంటే ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో బాగా తెలుస్తుంది. చేపల లారీ వెళ్లిపోయాక రోడ్డు మీద మిగిలేది మంచు కరిగిన నీళ్లూ, వాటిలో కాస్త చేప జిగురూ. ఆ తడి మీద కొత్తవాడు బ్రేకు గుప్పిట బిగిస్తే మామూలు బండి చక్రం ఆగిపోయి జారుతుంది. ఏబీఎస్ ఉన్న బండి అతని గుప్పిటని పట్టించుకోకుండా బ్రేకుని పట్టీ వదిలీ నిలబెడుతుంది. మలుపు తిరగగానే గేదె అడ్డంగా కనిపిస్తుంది. అతను కంగారులో నాలుగో గేరు నుంచి ఒక్కసారి రెండోదానికి దిగిపోతాడు. అప్పుడు వెనక చక్రం ఎగిరెగిరి పడకుండా జారే క్లచ్ చూసుకుంటుంది. గేదె మాత్రం కదలదు, దానికి ఏ కంట్రోలూ లేదు. ఒక్క చోట ఈ పెట్ట కూడా చేతులెత్తేస్తుందని ఒప్పుకోవాలి: దాళ్వా కోతలయ్యాక రోడ్డు పొడుగునా ఆరబోసిన వడ్ల మీద. అలాంటి వదులు నేల మీద ఏబీఎస్ ఉంటే బండి ఇంకాస్త దూరం పోయి ఆగే వీలూ ఉంది. అక్కడ పనికొచ్చేవి రెండే, ముందే స్పీడు తగ్గించడం, ధాన్యం యజమాని కేక వినడం.

దీనికి పెద్దవాళ్లు చెప్పే అడ్డు మాట ఒకటుంది: రేసు వేషం వేయిస్తే కుర్రాడు రేసే ఆడతాడని. తీసిపారేయదగ్గ మాట కాదు. పుంజు ఈకలు కట్టుకున్నవాడికి కత్తి కట్టాలనిపించడం సహజం. కానీ ఆ ఇంజను తీరు చూస్తే కొంత ధైర్యం వస్తుంది. దాని పూర్తి బలం నిమిషానికి పది వేల చుట్ల దగ్గర ఉంది, కవాటాల తీరు మారి అసలు ఊపు మొదలయ్యేదే 7,400 దగ్గర. కాలవ గట్టు మీద, వంద గజాలకో స్పీడు బ్రేకరు దాటుకుంటూ, మామూలుగా ఎవడూ ఆ చుట్ల దాకా పోడు. కింది చుట్లలో అది పాల క్యాన్లు మోసే బండంత బుద్ధిగానే ఉంటుంది. బండి ముక్కుదీ అదే కథ: గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, నలభై మీద ఉన్నదానికి ఎనభై మీద నాలుగింతలు. కాబట్టి గాలిని చీల్చే ఆ ముక్కుకి గట్టు రోడ్డు మీద పనే లేదు, అక్కడ అది ఉత్త జుట్టు దువ్వుడు. పదహారో నంబరు హైవే ఎక్కితే మాత్రం ఆ చుట్లూ అందుతాయి, ఆ ముక్కూ పని చేస్తుంది. అక్కడ నా వాదం సగం బలహీనపడుతుందని దాచను. చెయ్యి చేసే తప్పుల్ని ఈ బండి కాస్తుంది. తల చేసే తప్పుల్ని కాయడానికి హెల్మెట్ విడిగా కొనాలి, అది కూడా ట్యాంకు మీద కాకుండా తల మీదే పెట్టుకోవాలి.

నడుం సంగతి ఇంకో ఫిర్యాదు. కొల్లేటి కొంగ చేప మీదికి వంగినట్టు ఈ బండి మీద వంగి కూర్చోవాలి. కొంగకైతే చేప దక్కుతుంది, ఇతనికి దక్కేది మణికట్టు నొప్పి. వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలి ఛాతీని మోస్తుంది, ఏలూరు పవర్‌పేట సందుల్లో ఆ మోతంతా చేతుల మీదే పడుతుంది. లైసెన్సు పరీక్షలో ఎనిమిది వెయ్యమన్నప్పుడు ఇంకో చిక్కు: ఈ జాతి బండ్లకి హ్యాండిల్ ఎక్కువ తిరగదు. అందుకే తెలివైనవాడు ఆ పూటకి బాబాయి స్కూటీ అడిగి తెచ్చుకుంటాడు. ఈ ఫిర్యాదులకి నా దగ్గర గట్టి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను, నడుం నొప్పి ఉన్నవాడు అర్ధరాత్రి పందేలకి బయల్దేరడు.

వెనక సీటు విషయంలో మాత్రం కంపెనీయే దిగొచ్చింది. 2011లో సీటు రెండు ముక్కలై వెనక ముక్క అటకెక్కింది. కుర్రాళ్లకి తెగ నచ్చింది గానీ, మన ఊళ్లలో బండన్నాక వెనక ఎవరో ఒకరు కూర్చోవాలి, ఒళ్లో సంచీ ఉండాలి. జపానుకి ఈ గోడు ఎలా చేరిందో గానీ, 2021 నవంబరులో ఒకే పొడవాటి సీటుతో ఆర్ వన్ ఫైవ్ ఎస్ అని ఇంకో రకం దించారు. మూడో రూపమే, సీటు మాత్రం సంసారపక్షం. అయినా నడిపేవాడి సీటే నేలకి 815 మిల్లీమీటర్ల ఎత్తు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి మామ్మగారిని ఎక్కించుకుని వెళ్లాలంటే బండిని అరుగు పక్కకి తెచ్చి నిలబెట్టాల్సిందే. అరుగులున్న పాత ఇళ్లు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి.