గ్లూటెన్ బావగారు

మా బావగారు ఎవరింటికి వెళ్ళినా చెప్పులు విడవకముందే ఒక మాట చెబుతారు. “అమ్మా, నాకు గ్లూటెన్ పడదు.” ఆ ఇల్లాలు కంగారుపడి, “అయ్యో, ఇవాళ అది చెయ్యలేదండీ, వంకాయ చేశాం” అంటుంది. దాంతో బావగారి మొహం వెలిగిపోతుంది. సోఫాలో కూచుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, హాలండ్ నుంచి మొదలెడతారు.

1944 చివర, 45 మొదట్లో చలికాలం. యుద్ధం. హాలండులో తిండికి కరువొచ్చి జనం తులిప్ దుంపలు ఉడకేసుకుని తింటున్నారు. అక్కడ డికే అని ఒక పిల్లల డాక్టరు. ఆయన దగ్గర పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండే పిల్లలు కొందరుండేవారు. ఊరు ఊరంతా ఎండిపోతుంటే ఆ పిల్లలు మాత్రం తేరుకున్నారు. కరువు తీరి రొట్టె వచ్చిందో లేదో మళ్ళీ మంచం పట్టారు. గోధుమల మీద ఆ డాక్టరుకి ముందునుంచీ ఉన్న అనుమానం అలా గట్టిపడి 1950లో పరిశోధన గ్రంథమైంది. ఇదంతా బావగారు ఆ వార్డులో కాంపౌండరుగా పనిచేసి వచ్చినట్టు చెబుతారు.

నేను ఒకటికి రెండు చోట్ల చదివి చూశాను. ఆయన తప్పు చెప్పలేదు. ఆ జబ్బు పేరు సీలియాక్. ప్రపంచంలో సుమారు వందమందికి ఒకరిలో ఉంటుందంటారు. ఉన్నవాళ్ళు గ్లూటెన్ ఉండే గోధుమ, బార్లీ, రై తింటే, ఒంటిని కాపాడాల్సిన కాపలావాడే ఎదురు తిరిగి, చిన్నపేగు లోపల తువ్వాలు పోగుల్లా ఉండే కుచ్చుల్ని నున్నగా గొరిగేస్తాడు. తిన్నది ఒంటికి పట్టదు. కథంతా నిజమే. అందులో బావగారి పాత్ర ఎక్కడుందన్నదే నా అనుమానం.

ఇలాంటి మనిషి ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. మా తాతగారి రోజుల్లో ఆయన ఉప్పు మానేశాడు. నాన్నగారి రోజుల్లో రాగిచెంబు పట్టుకుని తెల్లవారుజామున లేచి, తను తాగినన్ని నీళ్ళూ ఇంటికొచ్చిన చుట్టాలచేత కూడా తాగించాడు. మధ్యలో కొన్నాళ్ళు కొర్రలు, అరికెలు. మానేసే వస్తువు మారుతూ వచ్చింది గానీ మానేశానని పదిమందికీ చెప్పే ఆ గొంతు మాత్రం అదే.

బావగారికి యాభై నాలుగేళ్ళు. బ్యాంకు మేనేజరు. సొంతూరు కాకినాడ, కాపురం కూకట్‌పల్లిలో. భోంచేసిన అరగంటకి ఆయన పొట్ట బిగిసి తబలా అవుతుంది. ఉత్తి మాట కాదు, “ఇలా చూడవోయ్ బామ్మర్దీ” అని వేళ్ళతో వాయించి చూపిస్తారు. ఆపైన పులితేన్పులు. ఆపైన, ఎవరో ఖాళీ డ్రమ్ము దొర్లించుకుపోతున్నట్టు గుడగుడ. ఆమధ్య అమెరికా నుంచి వచ్చిన స్నేహితుడొకాయన, “గోధుమే నీ శత్రువు” అని చెప్పి విమానం ఎక్కేశాడు. ఆ రాత్రినుంచి మా అక్క ఇంట్లో చపాతీ బంద్.

అన్నం తినే జాతిలో పుట్టి గ్లూటెన్ మానేశానని చెప్పుకోవడం, చెరువు లేని ఊళ్ళో ఈత మానేశానని చెప్పుకోవడం లాంటిది. ఇడ్లీలో లేదు, దోసెలో లేదు, పెసరట్టులో లేదు. అరిసెల్లో, సున్నుండల్లో, పూతరేకుల్లో, సకినాల్లో లేదు. దినుసులు చూస్తే తిరుపతి లడ్డూలోనూ లేదు, అది శనగపిండి. అయినా న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. కాకినాడవాడై ఉండి ఆయన కాజా మానేశారు. ఆ త్యాగాన్ని నేను తక్కువ చెయ్యను.

“గ్లూటెన్ అంటే లాటిన్ భాషలో జిగురే” అన్నారు ఒకరోజు అక్కతో.

“జిగురైతే బెండకాయలోనూ ఉందిగా. నిన్న ముప్పావు కేజీ వేపుడు తిన్నారు.”

“ఆ జిగురు వేరు, ఈ జిగురు వేరు.”

“ఏ జిగురైనా గిన్నె తోమేది నేనే” అంది అక్క. ఆ సంభాషణ అక్కడితో ముగిసింది.

కార్తీకమాసంలో వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. పంతులుగారు అయిదు కథలూ చెప్పి, హారతిచ్చి, బావగారి చేతిలో ప్రసాదం పెట్టారు. గోధుమనూక, నెయ్యి, పంచదార. అన్నవరం కొండ మీద ఆకు పొట్లంలో ఇచ్చేదీ గోధుమనూకతో చేసిందే. అరచేతిలో వేడివేడిగా ఉన్న ఆ ముద్దని బావగారు చెక్కు మీద అనుమానాస్పద సంతకాన్ని చూసినట్టు చూశారు.

“ఏవండీ, తినండి.”

“గోధుమే.”

“ప్రసాదం తీసుకోకుండా పరిగెత్తిన కళావతికి ఏమైందో ఇప్పుడేగా విన్నారు? మొగుడి పడవ మునిగిపోయింది.”

“నాకు పడవ లేదే!”

“కారుంది. ఇంకా ముప్పై రెండు వాయిదాలున్నాయి.”

బావగారు కళ్ళు మూసుకుని ఒక్క మెతుకంత నాలిక మీద వేసుకున్నారు. మిగతాది నాకిచ్చారు. ఆ సాయంత్రం పొట్ట తబలా మోగితే, “చూశావా, ఒక్క మెతుకు!” అన్నారు గర్వంగా. మధ్యాహ్నం విస్తట్లో నాలుగుసార్లు వడ్డించుకున్న పనసపొట్టు కూర ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇంత పథ్యం చేసినా పొట్ట తగ్గలేదు. మరొకరైతే అప్పుడే గోధుమల్ని నిర్దోషిగా విడిచిపెట్టేవారు. బావగారు విచారణ ఇంకా లోతుగా జరిపించారు. సోయాసాస్ దొరికింది, అందులో గోధుమ ఉంటుంది నిజమే, కానీ ఆ ఇంట్లో సోయాసాస్ వాడిన పాపాన ఎవరూ పోలేదు. పళ్ళపొడి మీద అనుమానం వచ్చింది. కవర్లకి నాలికతో తడిచేసే జిగురు మీద వచ్చింది. గోధుమ వెన్ను మీద అడ్డగీత కొట్టిన గుర్తున్న బిస్కెట్లు, మామూలువాటికి మూడింతల ధర పెట్టి డజన్లకి డజన్లు కొన్నారు. అవి సిమెంటు రుచిలో ఉంటాయి. అయినా ఒక్కసారి కూచుంటే పొట్లం ఖాళీ. “ఇందులో గ్లూటెన్ లేదోయ్, ఎన్నయినా తినొచ్చు.”

రాత్రి పడుకునేముందు మందు ఒకటి. పెద్ద గ్లాసుడు మజ్జిగ, అందులో వాము, దండిగా ఇంగువ. వాళ్ళ అమ్మగారు నేర్పిన వైద్యం.

దాని గుట్టు విప్పింది పైఅంతస్తులో ఉండే తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పిల్లకి ఉన్నది నిజం సీలియాక్. అయిదో ఏట ఎత్తు పెరగడం ఆగిపోయి, రక్తం తగ్గిపోయి, రక్తపరీక్ష చేసి, గొట్టం లోపలికి పంపి పేగు ముక్క తీసి చూస్తే తేలింది. అపార్టుమెంటులో ఎవరి పుట్టినరోజుకైనా తన స్టీలు డబ్బా తను తెచ్చుకుంటుంది. కేకు కోస్తుంటే చప్పట్లు కొట్టి, పక్కకెళ్ళి తన డబ్బా తెరుచుకుంటుంది. తనకి ఏదో పడదన్న సంగతి ఆ బ్లాకులో సగంమందికి తెలియదు. బావగారికి పడదన్న సంగతి పక్క బ్లాకు వాచ్‌మన్‌కి కూడా తెలుసు.

తోటి బాధితురాలు దొరికిందని బావగారు సంబరపడ్డారు.

“అంకుల్, మీకు ఎప్పుడు కనుక్కున్నారు?”

“నేనే కనుక్కున్నానమ్మా.”

“మీరు డాక్టరా?”

“బ్యాంకు మేనేజర్ని.”

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. “మరి ఇంగువ ఏది వాడతారు?”

అక్క డబ్బా తెచ్చింది. ఆ పిల్ల డబ్బా తిప్పి, వెనక చీమల్లాంటి అక్షరాల మీద వేలు పెట్టి చదివింది. గోధుమపిండి, గమ్ అరబిక్, ఆ తరవాత ఇంగువ. అఫ్ఘనిస్తాన్ వైపునుంచి వచ్చే అచ్చమైన ఇంగువ బంక ఘాటుకి మనిషి తట్టుకోలేడు. అందుకని పిండి కలిపి పలచన చేసి డబ్బాకెత్తుతారు. కొందరు బియ్యప్పిండి కలుపుతారు, చాలామంది కలిపేది గోధుమపిండో మైదానో. అంటే పద్నాలుగు నెలలుగా బావగారు పగలంతా గోధుమల్ని గుమ్మం దాటనివ్వకుండా కాపలా కాసి, రాత్రిపూట మజ్జిగలో కలుపుకుని మందుగా తాగుతున్నారన్నమాట.

సిగ్గుపడతారనుకున్నాను. పొంగిపోయారు. “దొరికాడు దొంగ!” బియ్యప్పిండి కలిపిన ఇంగువ తెప్పించారు. మూడు రోజులు పొట్ట నిశ్శబ్దంగా ఉంది. నాలుగో రోజు తబలా.

దాంతో పిండిమర మీద పడ్డారు. ఇదీ ఆ పిల్ల చెప్పిందే. మరలో మన గింజలు పోసేముందు ఎవరి గోధుమలు ఆడించారో ఆ పిండి లోపల అంటుకునే ఉంటుంది. గ్లూటెన్ లేదని రాయాలంటే కేజీకి ఇరవై మిల్లీగ్రాములు దాటకూడదు. అందుకే వాళ్ళమ్మ ఇంట్లోనే చిన్న మర పెట్టుకుంది, చపాతీ కర్రా పెనమూ కూడా వేరు. బావగారు మాత్రం తెల్లవారి ఆరుగంటలకి సంచీ పట్టుకుని మర దగ్గర తొలి వాయి కోసం నిలబడేవారు. “రాత్రి చివరి వాయి ఎవరిది? ఏం ఆడించారు?” అని మరాయన్ని లోను కోసం వచ్చినవాణ్ణి అడిగినట్టు అడిగేవారు. నాలుగో రోజున మరాయన, “సార్, మీరు రుబ్బురోలు కొనుక్కోండి” అన్నాడు.

చివరికి అక్కే పేగుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. నేనూ వెళ్ళాను, వినోదం వదులుకోవడం ఎందుకని. డాక్టరు చిన్నవాడు, నెమ్మదస్తుడు.

“గోధుమలు మానేసి ఎన్నాళ్ళయింది?”

“పద్నాలుగు నెలలు!” పతకం కోసం మెడ వంచినట్టు వంచారు బావగారు.

“పరీక్ష చేయించకుండా మానేశారా? ఇప్పుడు చేస్తే ఏమీ తేలదండీ. శత్రువు ఊళ్ళో ఉంటేనే కదా రక్తంలో సైన్యం కనిపించేది. ఆరు వారాలపాటు రోజూ గోధుమలు తిని రండి.”

బావగారి మొహం చూడాలి. సన్యాసిని పిలిచి పెళ్ళి చేసుకోమన్నట్టుంది.

ఆ రాత్రి నేనూ అక్కడే భోజనం. పద్నాలుగు నెలల తరవాత అక్క పీట మీద చపాతీ ఒత్తింది. మా అక్క ఏ కూర వండినా అమృతం, చపాతీ ఒక్కటే పెనం మీంచి దిగిన మరుక్షణం అట్టముక్క. బావగారు దాన్ని రెండు చేతులతో తుంపుతుంటే నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట షుగరు అంచుల్లో ఉందని చెప్పి రాత్రిళ్ళు అన్నం మాన్పించి ఈ చపాతీ అప్పగించారు ఆయనకి. గోదావరి జిల్లా మనిషికి రాత్రి గడ్డపెరుగు అన్నం లేదు, అందులోకి ఆవకాయ లేదు, కచకచ కొరుక్కు తినే పచ్చి ఉల్లిపాయ లేదు. అయిదేళ్ళు నోరెత్తకుండా నమిలారు. గ్లూటెన్ వచ్చి ఆయన్ని ఆ శిక్షనుంచి విడిపించింది. చపాతీ పోయిన రోజే పెరుగన్నం కంచంలోకి తిరిగొచ్చింది, వెంట అరచేతిమందం ఉల్లిపాయా వచ్చింది. జొన్నరొట్టె తినొచ్చు కదా అంటే, “జొన్న బరువోయ్” అనేవారు.

ఆరు వారాలు గడిచాయి. విచిత్రమేమిటంటే, రోజుకి మూడు చపాతీలు పప్పులో ముంచుకు తింటూ ఆయన పొట్ట వాయించి చూపించడం మరిచిపోయారు. “ఎలా ఉంది బావగారూ?” అంటే, “లోపల్లోపల జరుగుతోందోయ్” అనేవారు.

రిపోర్టులో సీలియాక్ జాడ లేదు. షుగరు మాత్రం ఒక మెట్టు పైకెక్కింది. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. గోధుమలో గ్లూటెన్‌తో పాటు ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం కూడా ఉంటుంది. మనకి అరగని ఆ పదార్థాన్ని పెద్దపేగులో సూక్ష్మజీవులు పులియబెట్టి గ్యాసు చేస్తాయి. 2018లో నార్వేవాళ్ళు, గ్లూటెన్ పడదని తమంతట తామే అనుకునే 59 మందికి ఏది ఏదో చెప్పకుండా తినిపించి చూశారు. ఎక్కువ ఉబ్బరం తెచ్చింది గ్లూటెన్ కాదు, ఫ్రక్టాన్. అది ఉల్లిలో, వెల్లుల్లిలో దండిగా ఉంటుంది.

“ఉల్లి, వెల్లుల్లి కొన్ని వారాలు ఆపి చూడండి.”

కారులో బావగారు చాలాసేపు మాట్లాడలేదు. రెండు సిగ్నళ్ళు దాటాక అన్నారు: “కుర్రాడోయ్, అనుభవం చాలదు. గోధుమ మానేశానంటే ఎందుకని నలుగురూ కూచోబెట్టి అడుగుతారు. ఉల్లి మానేశానంటే ఎవరి తద్దినమని అడుగుతారు.”

ఆదివారం పొద్దున అక్క పెసరట్టు వేసింది. బావగారు అంచు తుంపి, లోపలికి తొంగి చూశారు.

“ఉల్లిపాయ వెయ్యలేదా?”

“లేదండీ, డాక్టరుగారు…”

“అల్లం?”

“వేశాను.”

“జీలకర్ర?”

“వేశాను.”

బావగారు పొట్ట మీద చెయ్యి వేసుకుని, ప్లేటు నా వైపు జరిపారు.

“నాకు పెసలు పడవోయ్.”