ఆడపెళ్లివారు ఎవరండి?

ప్రైడ్ నెల జూన్ వచ్చేసరికి బెంగళూరులో మడివాళ నుంచి కోరమంగళ దాకా పెళ్లి వ్యాపారుల ఇన్‌స్టాగ్రామ్ పేజీలన్నీ ఏడు రంగులు పూసుకున్నాయి. ప్రేమకు హద్దుల్లేవట, ప్యాకేజీలకూ లేవట. ఆషాఢం ముంచుకొస్తోంది, హాళ్లు ఖాళీ, పురోహితులకు తీరికే తీరిక. ఈ రోజుల్లో ఎవరి హృదయమైనా విశాలమవుతుంది. మాఘమాసంలో ఒక్క హాలు కోసం ఆరుగురు తన్నుకునేటప్పుడు అంతే విశాలంగా ఉంటే చూడాలి. ఆ ప్యాకేజీలో ఇచ్చే ఇంద్రధనుస్సు లడ్డూ గురించి నేనేమీ అనను. అది తినేవాడి ఖర్మ.

మారుతీనగర్‌లో ఉండే ఇద్దరు కుర్రాళ్లు, ఒకడిది కడప, ఒకడిది ఒంగోలు, పెద్దవాడెవరైనా వెంట ఉంటే బేరం తెగుతుందని నన్ను అలాంటి ఒక ఆఫీసుకు లాక్కుపోయారు. మేనేజరూ మనవాడే. మడివాళలో కన్నడంలో ఎత్తుకున్న మాట మూడో వాక్యానికల్లా తెలుగులోకి దిగిపోతుంది. కాఫీ తెప్పించాడు, కంగ్రాట్స్ చెప్పాడు, ఫారం తీశాడు. మొదటి గడి దగ్గరే పెన్ను ఆగింది.

"ఆడపెళ్లివారు ఎవరండి?"

ఇద్దరూ మగపెళ్లివారేనన్నాం. నవ్వాడు. "అది తెలుసు సార్, మేం చాలా ఓపెన్. కానీ ఆడపెళ్లివారు ఎవరు?"

మీలో భార్య ఎవరని అడుగుతున్నాడనుకుని కడప కుర్రాడి మొహం ఎర్రబడింది. పాపం, మేనేజరు బాధ అది కాదు. మన పెళ్లిలో హాలు అద్దె, భోజనాలు, విడిది, బ్యాండు మేళం, వీటి బిల్లు ఏ ఇంటి గుమ్మం తొక్కాలో చెప్పేది ఆ గడే. అది ఖాళీగా ఉంటే అడ్వాన్సు ఎవర్ని అడగాలి? విడిదిలో ఏసీ పనిచేయకపోతే అలిగే హక్కు ఎవరిది, బతిమాలుకునే ఖర్మ ఎవరిది? ఇద్దరూ మగపెళ్లివారైతే ఇద్దరూ అలుగుతారు కదా!

తరతరాలుగా కూతుర్ని కన్నవాడి నడ్డి విరిచి బతుకుతున్న వ్యాపారమిది. కూతురే లేని పెళ్లి గుమ్మంలోకి వచ్చేసరికి నోట మాట రాలేదు.

పోనీ చెరి సగం వేసుకోమన్నాం. తమ సాఫ్ట్‌వేర్‌లో కుదరదన్నాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లిద్దరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే, కాసేపట్లో దిద్దిపెడతామన్నారు. వద్దన్నాడు. చివరికి ఒంగోలు కుర్రాణ్ని ఆడపెళ్లివారి గడిలో రాశాడు. కాస్త పొట్టిగా ఉన్నాడని.

అక్కడిదాకా నాకూ నవ్వులాటే. తరవాత గేటు బోర్డు మాటొచ్చింది. పూల మధ్య రెండు పేర్లు, నడుమ 'వెడ్స్'. అది మాత్రం కుదరదట. "బర్త్‌డే పార్టీ అని పెడదాం సార్. హాలు ఓనరుకీ అదే చెబుదాం. బిల్లు కార్పొరేట్ ఈవెంట్ అని కొడతాం. ఫొటోలు మా పేజీలో పెట్టం, మీ ప్రైవసీ మాకు ముఖ్యం." పోలీసులొస్తేనో అని కూడా నసిగాడు. స్వలింగ సంబంధాన్ని నేరమన్న 377 సెక్షన్ సంగతి సుప్రీంకోర్టులో 2018 సెప్టెంబరులోనే తేలిపోయింది. ఇద్దరు మగవాళ్లు దండలు మార్చుకుంటే పెట్టడానికి ఏ స్టేషన్లోనూ కేసు లేదు.

ఎవరి పుట్టినరోజయ్యా? ఈ పిల్లలు ఊహ తెలిసినప్పట్నుంచీ దాక్కునే బతికారు. ఇంటి ఓనరుకు కజిన్స్, ఆఫీసులో రూమ్మేట్స్. శుక్రవారం రాత్రి మడివాళలో బస్సెక్కి ఊరెళ్లి, అమ్మ చూపించిన పిల్ల ఫొటో చూసి, జాతకాలు కలవలేదని నసిగి, ఆదివారం రాత్రి బస్సుకు తిరిగి రావడమే వీళ్ల సంసారం. లక్షలు పోసి ఒక్కరోజు నిజం చెప్పుకుంటామంటే, ఆ ఒక్కరోజుక్కూడా అబద్ధమే అమ్ముతావా? నీకు ముఖ్యం వీళ్ల ప్రైవసీ కాదు, నీ మాఘమాసం గిరాకీ.

పెద్ద కంపెనీలు మాత్రం ఏం ఉద్ధరించాయి గనక! 2021 అక్టోబరులో డాబర్ ఇద్దరు ఆడవాళ్లు కర్వాచౌత్ చేసుకుంటున్నట్టు బ్లీచ్ క్రీముకు ప్రకటన తీసింది. మధ్యప్రదేశ్ హోంమంత్రి గద్దించగానే క్షమాపణ చెప్పి వెనక్కి తీసుకుంది. క్రీము రాసుకోకుండానే మొహం తెల్లబోయింది.

ఆ డిసెంబరులోనే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాదు శివార్లలో పెళ్లి వేడుక చేసుకున్నారు, సొంత పేర్లతో, ఫొటోలతో. దాన్ని చట్టం గుర్తించాలని తర్వాత సుప్రీంకోర్టుకెక్కారు. ఇదంతా నగరాల్లో ఉన్నతవర్గాల ఆలోచన అని 2023లో కేంద్రం వాదించింది. మొన్నమొన్నటిదాకా మడివాళ పీజీలో ముగ్గురు సర్దుకునే గదిలో పడుకుని, నీళ్ల సాంబారులో ఇడ్లీ ముంచుకున్న ఉన్నతవర్గం మా కుర్రాళ్లు! 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు, పార్లమెంటు చూసుకోవాలన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ పోయాయి. మధ్యలో, 2024 ఆగస్టులో, ఇలాంటి జంటలు జాయింట్ ఖాతా తెరుచుకోవచ్చని ఆర్థికశాఖ వివరణ ఇచ్చింది. బావా బావమరుదులు ఎప్పట్నుంచో తెరుచుకుంటూనే ఉన్నారు.

చట్టం ఇవ్వనిది నిన్ను ఇమ్మని ఎవరూ అడగడం లేదు మేనేజరుగారూ. వీళ్ల పెళ్లికి రిజిస్ట్రేషన్ నువ్వు చేయించలేవు. నీ చేతిలో ఉన్నదల్లా ఒక థర్మోకోల్ బోర్డు. దాని మీద ఆ రెండు పేర్లు రాయించి, హోసూరు రోడ్డు మీద పోయే కడప బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడు కూడా చదువుకునేలా గేటుకు కట్టించు. అడ్వాన్సు సంగతి ఆ తరవాత మాట్లాడదాం.