శ్వానాన్నచిత్రీయము: సటీకాతాత్పర్యము

అవతారిక.— మూలమున లేనిదానిని వ్రాయననియు, పాఠకుడు కోరనిదానిని పలుకననియు ప్రతిజ్ఞ పట్టి, రఘువంశము మొదలు నైషధము వఱకు గల అయిదు మహాకావ్యములకును వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. దుర్వ్యాఖ్యల విషమునకు కాళిదాసు వాక్కు మూర్ఛిల్లినదని చెప్పి, తన టీకకు సంజీవని యని పేరు పెట్టుకొన్న మహానుభావుడు. ఆయన ఊరికి అట్టే దూరము లేని హైదరాబాదు నగరమున నేడు వ్యాఖ్యయే మూలమును మ్రింగివైచు సంప్రదాయ మొకటి ప్రబలినది. గోడమీద జానెడు బొమ్మ. దాని క్రింద మూరెడు వాక్యము. బొమ్మలో నున్నది ఒక కుక్క. వాక్యములో నున్నది సమస్త వేదాంతము. బొమ్మ చూడవచ్చినవారు వాక్యమును చదివి, అది బోధపడక, బోధపడనిది గొప్పదై యుండునని తలచి, మరల బొమ్మవంక భయభక్తులతో చూచుచున్నారు. కుక్క మాత్రము మునుపటివలెనే యున్నది.

ఇట్టి వాక్యములు వ్రాయువారు తమ్ము ‘ఫైన్ ఆర్ట్ ఫొటోగ్రాఫర్’ అని చెప్పుకొందురు. పెట్ పోర్ట్రెయిట్ల నుండి ఫుడ్ ఫొటోగ్రఫీ వఱకు తమ సేవలు లభించునని కార్డుమీద అచ్చువేయింతురు. పలువురి కార్డుల సారమును పిండి, ఏ యొక్కరికిని ప్రత్యేకముగా అన్యాయము జరుగకుండ, నేను కూర్చిన మూల మిది:

“నేను ఫొటోలు తీయను, ఆత్మలతో సంభాషింతును. నా కటకము ముంగిట శునకమైనను శాకమైనను ఒకే నిశ్శబ్దమునకు రెండు రూపములు. వెలుగు నా సిరా. క్షణము నా కాగితము.”

అనుబంధములు.— విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాలుగింటిని గ్రంథారంభమున చెప్పవలెనని పెద్దలు. విషయము కుక్కయు కూరయు. అధికారి కుక్కను పెంచువాడును హోటలు నడుపువాడును. సంబంధము బయానా. ప్రయోజనము మాత్రము మూలమున ఎచ్చటను కనబడదు. కార్డుమీద ‘వివరములకు సంప్రదింపుడు’ అని యున్నది. ధర అడుగుట అరసికుల లక్షణమను భయమును ముందుగా పుట్టించి, ఆ భయము ముదిరిన పిదప ధర చెప్పుట ఈ శాస్త్రమునందలి రహస్యము.

టీక.— ‘ఫైన్ ఆర్ట్’, సుగమము. ‘కటకము’, సుగమము. ‘సిరా’, ‘కాగితము’, వీని వెల అందఱికిని తెలిసినదే. ‘ఆత్మలతో సంభాషింతును’: ఇచ్చట ఆగవలెను.

సంభాషణ జరుగు విధ మెట్టిదనగా, ఛాయాగ్రాహకుడు నేలమీద బోర్లపండుకొనును. కెమెరా కుక్క కంటి ఎత్తునకు దిగకున్నచో బొమ్మలో తల పెద్దదై కాళ్లు కుఱచయై కుక్క వామనమూర్తిగా కనబడును. అతని భుజము వెనుక సహాయకు డొకడు బిస్కెట్టు ముక్కను సరిగా కటకము మీదుగా పట్టుకొని నిలుచును. వేఱొకడు పీకబొమ్మను నొక్కును. ఎన్నడును వినని చప్పుడు చెవిని పడగానే కుక్క తల నొక ప్రక్కకు వంచును. ఆ వంపే ప్రదర్శనలో ‘ప్రశ్నించు చైతన్యము’ అను పేర వ్రేలాడును. అదే చప్పుడు మరల మరల విన్న కుక్కకు విసుగు పుట్టి తల వంచుట మానును గనుక, దొరకు అవకాశములు స్వల్పములు. నల్లకుక్క యైనచో మఱియు కష్టము: యంత్రము నలుపును చూచి వెలుగు చాలదని భ్రమించి నలుపును బూడిదరంగుగా మార్చును, ఆ భ్రమను చేతితో సరిదిద్దవలెను. ఎదురుగా ఫ్లాషు వేసినచో కంటి వెనుకనుండు మెఱుపుపొర ఆ వెలుగును తిప్పికొట్టి కన్నులు పచ్చగా మండును. వీని నన్నిటిని దాటి, సెకనులో అయిదువందలవ వంతు కాలమున, ముక్కు తడియు కనుబొమల ముడియు చెదరకుండ పట్టుట సామాన్యమైన విద్య గాదు. చేతులు జోడించి నమస్కరింపదగిన పని. ఆ పనిలో ఒక్క వీసమైనను మూలమున చెప్పబడలేదు. బిస్కెట్టు పట్టినవాని పేరు అసలే లేదు.

విశేషము.— కుక్కను గూర్చి పలుకవలసి వచ్చినపుడు పెద్దలెట్లు పలికిరో చూతము. ప్రకృతమునకు పిదప రావచ్చును.

భారతము కుక్కతో మొదలై కుక్కతో ముగియునని చెప్పినచో చాలమంది నవ్వుదురు. కాని ఆదిపర్వము తెఱచి చూడుడు. ఉదంకుడు రాకముందే, పాములు పుట్టకముందే, జనమేజయుడు తమ్ములతో కురుక్షేత్రమున దీర్ఘసత్త్రము చేయుచుండగా సరమ యను దేవశుని కొడుకు సారమేయుడు అచ్చటికి వచ్చును. రాజుగారి తమ్ములు దానిని కొట్టుదురు. అది ఏడ్చుచు తల్లికడకు పోవును. తల్లి వచ్చి సభలో రాజును నిలదీయును. ఆ తల్లి వాదమునకు ఆధారములు రెండే: తన బిడ్డ హవిస్సువంక చూడలేదు, దానిని నాకలేదు. మఱి ఏల కొట్టినట్లు? సమాధానము చెప్పినవాడు లేడు. కనబడని భయము వచ్చి మీదపడునని శపించి ఆమె వెడలిపోవును. ఆ భయమును బాపుకొనుటకై రాజు తగిన పురోహితుని వెదకికొనుచు ఊరూర తిరుగును. తన బిడ్డ లోపలి నిశ్శబ్దమును గూర్చి సరమ ఒక్క మాటయు ఆడలేదని చదువరులు గమనింపవలెను. చేసినది, చేయనిది చెప్పినది. అంతటితో చక్రవర్తికి నిద్ర పట్టలేదు.

ఆ కథను నన్నయ తెనిగించెను. ఆవలి కొసను, మహాప్రస్థానమున ధర్మరాజు వెంట నడచిన కుక్కను తెనిగించినవాడు తిక్కన. ద్రౌపదియు తమ్ములును ఒకరి వెనుక నొకరు పడిపోగా మిగిలిన తోడు అదియే. ఇంద్రుడు రథము దెచ్చి, దానిని విడిచి ఎక్కుమనును, ధర్మరాజు ఒప్పుకొనడు. అది ధర్మదేవతయై నిలుచువఱకు ఆ కుక్క మనస్సులో నేమున్నదో వ్యాసుడును చెప్పడు, తిక్కనయు చెప్పడు. వెంట నడచినది; అంతే.

ఇక సరమ వంశము సామాన్యమైనది గాదు. పణులను అసురులు దాచిన ఆవుల జాడ తీసినది ఆమెయే. యముని త్రోవ కాయు కుక్కలు రెండును ఆమె బిడ్డలే. వానికి నాలుగేసి కన్నులని ఋగ్వేదము. ఈ నడుమ కెమెరాలకు కంటిని తమంతట తామే గుర్తించి ఫోకసు పెట్టు శక్తి వచ్చినది. యముని కుక్కలను తీయవలసి వచ్చినచో అది ఏ కంటిమీద నిలుచునో, ఎడమ జంటయందా కుడి జంటయందా, మీమాంసకులు తేల్చవలసిన విషయము.

ఇక బొమ్మను గూర్చి పెద్దలు పలికిన తీరు. శాకుంతలము ఆఱవ యంకమున దుష్యంతుడు తాను వ్రాయుచున్న బొమ్మలో ఇంకను ఏమేమి చేర్చవలెనో విదూషకునితో చెప్పును: మాలినీనది, దాని యిసుకలో హంసల జంటలు, లేళ్లు కూర్చున్న కొండచరియలు, నారచీరలు వ్రేలాడు చెట్టు, దాని క్రింద మగలేడి కొమ్మునకు ఎడమకన్ను రాచుకొను ఆడలేడి. రాజును ప్రేమికుడును గనుక, వేదాంతము పలుకుటకు రెండు విధముల అధికారము గలవాడు. అయినను ఎడమకన్ను అన్నాడు, కొమ్ము అన్నాడు, చెట్టు అన్నాడు.

ఇంత దూరము వచ్చితిమి గనుక ఇంకొక యడుగు. తెలుగు పల్లెలలో పెంచుకొన్న జంతువునకు బొమ్మ తీయించు ఆచారము ఈ కార్డులకంటె పాతది. బ్యాంకు అప్పుతో గేదెను కొన్న రైతు బీమా నిమిత్తము దానికి ఫొటో తీయింపవలెను. చెవికి వేసిన ట్యాగు కనబడవలెను. కొమ్ముల వంపు, ఒడ్డుపొడుగు, మచ్చలు తెలియవలెను. యజమాని ప్రక్కన నిలువవలెను. మండల కేంద్రమున స్టూడియో పెట్టుకొన్నవాడు మోటారుసైకిలుమీద వచ్చి, పెంటకుప్ప ప్రక్కన నిలిచి, గేదె తల విదలించుట మాని ట్యాగుమీద ఎండ పడువఱకు వేచి, తీసి, డబ్బు పుచ్చుకొని పోవును. అతడే పెండ్లి తీసినవాడు, రేషను కార్డునకు తీసినవాడు, ముసలమ్మ పోయిననాడు ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి పూలదండ సవరించి ఆఖరి ఫొటో తీసినవాడు. గేదె చచ్చిననాడు ఆ ఫొటో ఫైలులో నుండబట్టి రైతు చేతికి నాలుగు రూపాయలు వచ్చినవి. అతనిని ఏ ప్రదర్శనశాలవారును పిలువలేదు. సెల్‌ఫోనులు వచ్చి అతని స్టూడియో మూతపడినది. ఈ మాట చెప్పునప్పుడు మాత్రము పరిహాసము నాకు చేతకాకున్నది.

ప్రకృత మనుసరింతము. ‘శాకమైనను’: తినుటకు వండుట వేఱు, చూచుటకు వండుట వేఱు. శ్రీహర్షుని నైషధమున దమయంతి పెండ్లివిందులో మాంసము శాకమనియు శాకము మాంసమనియు భ్రమ గొల్పునట్లు వండి, మగపెండ్లివారిని నవ్వులపాలు చేసిన నేర్పరులు కలరు. ఆ భ్రమ ముద్ద నోట పెట్టుకొనువఱకే. పిమ్మట నాలుక తీర్పు చెప్పును. నేటి విందున నాలుకకు ప్రవేశమే లేదు. ఆకుపై మెఱయు మంచుబొట్లు గ్లిజరిను. ప్రకటనలలో గిన్నెడు పాలని కనబడునది తఱచుగా తెల్లని జిగురు. నిండు బిర్యానీ పళ్లెరమున అడుగున బోర్లించిన గిన్నె యుండును. దానిపై మెతుకులను సన్నని పట్టకారుతో ఒక్కొక్కటిగా పేర్చి, ముక్కలకు కుంచెతో నూనె పూయుదురు. వేడి ఇడ్లీ ఆవిరియైనను ఊరక కనబడదు. వెనుక చీకటి యుండి, వెలుగు వెనుకప్రక్కనుండి పడినగాని కెమెరాకు అందదు. ఇదియు విద్యయే. ఒప్పుకొందును.

కాని గోంగూర పచ్చడి ఈ విద్యకు ప్రబల శత్రువు. ఆకులోని పులుపే ఉడుకునప్పుడు దాని పచ్చదనమును చంపి బురదరంగు తెచ్చును. ఆ పులుపు కొఱకే మనము దానిని తినుచున్నాము. కెమెరాకు పులుపు తెలియదు. కావున పచ్చడిని ఇత్తడి గిన్నెలో పెట్టి, గిన్నె క్రింద గోనెగుడ్డ పఱచి, చుట్టును ఎండుమిరపకాయలు చల్లి, ఒక ప్రక్క వెల్లుల్లి పాయలు దొర్లించి, అమ్మమ్మ వంటిల్లని పేరు పెట్టుదురు. మా అమ్మమ్మ వంటింటిలో గోనెగుడ్డ కాళ్లు తుడుచుకొనుటకు గుమ్మమున నుండెడిది. ఆ ఇత్తడి గిన్నెను ఇన్ని హోటళ్ల బొమ్మలలో చూచితిని గనుక, నగరమంతటికి ఒకే గిన్నె అద్దెకు తిరుగుచున్నదేమో యని నా యనుమానము.

వాత్స్యాయనుని కామసూత్రములకు జయమంగళ యను వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు చిత్రమునకు ఆఱు అంగములు చెప్పెను: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. చిత్రకళకు ఇంత తక్కువ మాటలతో ఇంత పని చేసిపెట్టినవాడు ఒక వ్యాఖ్యాత యగుట మావంటివారికి గర్వకారణము. ఆ యాఱింటిలో నిశ్శబ్దము లేదు. గోనెగుడ్డయు లేదు.

ఇచ్చట పూర్వపక్షి లేచును: మాటలు వ్రాసినంతమాత్రమున కళ చెడునా? ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్ వెస్టన్ దినచర్యలు వ్రాయలేదా? వ్రాసెను. 1930లో కాలిఫోర్నియాలో మెలితిరిగిన బెంగుళూరు మిరపకాయ నొకదానిని తగరపు గరాటులో నిలిపి, కటకరంధ్రమును మిక్కిలి సన్నము చేసి, చాలసేపు వెలుగు పట్టి తీసినాడు. చూచినవారు అది కాయయో మనిషి వీపో తేల్చుకొనలేకపోయిరి. దానికి ఆయన పెట్టిన పేరు ‘పెప్పర్ నంబర్ 30’. ఒక కూరగాయ, ఒక అంకె. బొమ్మ తీసిన పిదప తన నమూనాలను తినివేయుదునని కూడ దినచర్యలో ఒప్పుకొనినాడు. మఱియొక ఛాయాగ్రాహకుడు విలియం వెగ్మన్ 1970లో తెచ్చుకొన్న వైమరానర్ కుక్కకు ప్రసిద్ధ కళాకారుడు మాన్ రే పేరు పెట్టి, ఏండ్ల తరబడి దానిచేత నానా వేషములు వేయించి తీసినాడు. కుక్కకే కళాకారుని పేరు పెట్టినవానికి ఆత్మసంభాషణ ప్రసక్తి యేల కలుగును? అంత దూరమేల? సికిందరాబాదున స్టూడియో నడపి, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున ముసవ్విర్ జంగ్ అను బిరుదు పొందిన రాజా దీనదయాళ్ కోటలను, వేటలో కూలిన పులులను, కరవు పనులను ఒకే శ్రద్ధతో తీసెను. ఆయన 1905లో గతించెను. ఆ బొమ్మలు ఇంకను ఎవరి వ్యాఖ్యయు లేకయే నిలిచియున్నవి.

సిద్ధాంత మేమనగా, పనిని చెప్పు మాట పనికి బలము. పనిని దాచు మాట పనికి గ్రహణము.

తాత్పర్యము.— డబ్బు పుచ్చుకొని కుక్కలకును వంటకములకును ఫొటోలు తీయుదును. బాగుగా తీయుదును.

ఇందు సిగ్గుపడవలసినది నాకేమియు కానరాదు. కావున ఈ విద్య గల యువతీయువకులకు నా విన్నపము: బొమ్మ క్రింద కుక్క పేరు వ్రాయుడు, తీసిన తేదీ వ్రాయుడు, బిస్కెట్టు పట్టినవాని పేరును కూర వండినామె పేరును వ్రాయుడు. కార్డు వెనుక రేటు వ్రాయుడు.