హాల్లో పన్నెండు సూర్యుళ్లు

మా హాలు ఫాల్స్ సీలింగ్‌లో పన్నెండు చిల్లులు వారం రోజులుగా నోళ్లు తెరుచుకుని నన్నే చూస్తున్నాయి. వైర్లు వేలాడుతున్నాయి. లైట్లే తేలలేదు.

"వార్మా, నేచురలా, కూలా అన్నా?" అన్నాడు అంగడి పిల్లోడు. అనంతపురంలో, ఏప్రిల్ నెలలో, ఈ ప్రశ్నకు ఎవడైనా ఏం చెప్తాడు? కూలే అన్నా. పెట్టె మీద 6500 కె అని ఉంది. వార్మ్ పెట్టె మీద 3000 కె. చల్లనిదానికి ఎక్కువ, వెచ్చనిదానికి తక్కువ!

కె అంటే కెల్విన్ అట. కొలిమిలో ఇనుము మొదట ఎర్రబడి, తర్వాత పసుపెక్కుతుంది కదా. అట్లా కాల్చుకుంటూ పోతే ఏ వేడికి ఏ రంగు వస్తుందో, ఆ అంకె లైటు పెట్టె మీద వేస్తారు. ఇక్కడితో ఊరుకుంటే బాగుండు. సూర్యుడి పైభాగం ఎంతో చూశా. సుమారు 5,800. అంటే నేను చల్లగా ఉంటుందని అడిగింది సూర్యుణ్ణి మించిన సరుకు! ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మహాభాగ్యమనుకునే సీమ ఇది. ఉన్న ఒక్కడితోనే వేగలేక చస్తుంటే, పన్నెండుమందిని పిలిచి హాల్లో కూర్చోబెట్టుకోవాలా? అది రంగు లెక్కే, లైటేం కాలదని తెలుసు. తెలిసినా మనసొప్పలేదు. వార్మ్ తీసుకున్నాకే చల్లబడ్డా.

ఇక పొదుపు సంగతి. మొన్నటిదాకా ఆ హాలంతా ఒకే 60 వాట్ల బల్బుతో గడిచింది. తర్వాత సర్కారువాళ్లు పది రూపాయలకిచ్చిన 7 వాట్ల ఎల్ఈడీతోనూ గడిచింది. ఇప్పుడు కరెంటు ఆదా చేసే లైట్లు, ఒక్కోటి 12 వాట్లు, పన్నెండు. మొత్తం 144. ఆదా బ్రహ్మాండం.

ఇంట్లో డిమ్మర్ కావాలన్నారు. మామూలు లైటు 320 అయితే, డిమ్మయ్యేది 850. డిమ్మర్ ఇంకో 1,400. వెలుతురు తగ్గించుకోవడానికి మొత్తం 7,760 రూపాయలు ఎక్కువ! మామూలు లైట్లకే పాత ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలిద్దామంటే, "గుయ్యిమంటాయి సా, మిణుకు మిణుకుమంటాయి" అన్నాడు ఎలక్ట్రీషియన్. రెగ్యులేటర్ కరెంటును కోస్తుంటే, లైటు లోపలి డ్రైవరు తగ్గనీయకుండా పట్టుకుంటుందట. ఇద్దరి జగడానికి హాలు నాది.

మా ఊళ్లో డిమ్మర్ ఉచితంగా ఉండేది. రాత్రి త్రీఫేజ్ కరెంటొచ్చి బోరు మోటర్లు ఎత్తుకోగానే ఇంట్లో బల్బు పండు నిమ్మకాయ రంగుకు దిగేది. అమ్మ చేటలో బుడ్డలు ఒలుస్తూ తిట్టేది. నాయన బల్బు చూసే లెక్క చెప్పేవాడు: రొంత దిగితే పక్క చేను మోటరు, బాగా దిగితే వంక కింద మోటర్లన్నీ.

పోయిన నెల ఊరికి పోతే బల్బు రాత్రంతా కదలకుండా వెలిగింది. వోల్టేజి బాగుపడిందే అన్నా. "యాడిది, బోర్లు ఎండిపాయె. ఎత్తుకునేదానికి మోటర్లేవి?" అన్నాడు నాయన.

నిన్న ఎలక్ట్రీషియన్ ఫోన్ చేసినాడు, డిమ్మర్ పాయింటు ఉంచాల్నా, మూసేయాల్నా అని.

ఉండనీ అన్నా.