నాలో పడ్డ సెల్లులు

నేను బీపీ మిషన్‌ను. హైదరాబాదులో బోరబండ సైట్-3లో ఒక రేకుల ఇంట్లో, టీవీ స్టాండు కింది అరలో ఉంటాను. పొద్దున టీ తాగకముందే ఈ ఇంటి పెద్దావిడ కుర్చీలో కూర్చుంటుంది. కోడలు ఆమె జబ్బకు పట్టీ చుట్టి నా బటన్ నొక్కుతుంది. నేను పట్టీలోకి గాలి కొట్టి పై అంకె, కింది అంకె, నాడి చూపిస్తాను. కోడలు వాటిని నోటుబుక్కులో రాస్తుంది. డాక్టరు ఆ నోటుబుక్కు చూసే మందు పెంచాలో తగ్గించాలో చెబుతాడు. ఆ అంకెలు రావాలంటే నా వెనక మూత కింద ఉన్న నాలుగు పెన్సిల్ సెల్లులు సరిగ్గా ఉండాలి. అందుకే నా కథలో సగం సెల్లుల కథే.

నాతోపాటు అట్టపెట్టెలో వచ్చిన సెల్లులు అయిపోయాక పెద్దావిడ వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లింది. సంచిలో నన్ను కూడా వేసుకుని వెళ్లింది కాబట్టి ఆ మాటలు నేను విన్నాను.

"పెన్సిల్ సెల్లులు నాలుగియ్యి బిడ్డా."

"దేంట్ల ఏస్తవమ్మా?"

"బీపీ మిషిన్ల."

"అన్నీ ఒక్కటేనమ్మా. ఇవి తీస్కపో."

అన్నీ ఒక్కటి కావు. పైకి చూస్తే ఒకటే పొడవు, ఒకటే లావు, చాలావాటి మీద 1.5 వోల్టులనే రాసి ఉంటుంది. లోపల సరుకు వేరు. ఆ రోజు కొట్టతను ఇచ్చినవి కార్బన్-జింక్ సెల్లులు. 1866లో ఫ్రాన్సుకు చెందిన లెక్లాంషే కనిపెట్టిన తడి సెల్లును 1886లో జర్మనీకి చెందిన గాస్నర్ పొడి సెల్లుగా మార్చాడు. ఈ సెల్లులు ఆ వంశానివే. జింకు డబ్బాలో మాంగనీసు డయాక్సైడు ముద్ద, నడుమ కార్బన్ కడ్డీ. చవక. మెల్లగా, కొంచెం కొంచెంగా కరెంటు అడిగే వస్తువుకు నమ్మకంగా పనిచేస్తాయి.

నేను అలా అడిగేదాన్ని కాదు. నా తెరకు, లోపలి చిప్పుకు కావలసింది చాలా తక్కువ. కానీ గాలి కొట్టే మోటారు తిరిగే ఆ కొద్ది సెకన్లలో ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. తక్కువ నీళ్లున్న బోరు గంటకో బిందె తోడితే ఏడాదంతా ఇస్తుంది, మోటారు పెట్టగానే గాలి కక్కుతుంది. ఆ సెల్లులూ అంతే. ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే 1.5 వోల్టులు నిండుగా చూపిస్తాయి, నా మోటారు లాగేసరికి లోపలి నిరోధం వల్ల వోల్టేజి జారిపోతుంది. పట్టీ సగం బిగుసుకునేసరికి నా తెర మీద బ్యాటరీ గుర్తు మినుకుమినుకుమంటుంది, మోటారు ఆగిపోతుంది. పెద్దావిడ మళ్లీ నొక్కుతుంది. మళ్లీ సగంలోనే ఆగుతుంది. అలా రెండు మూడు సార్లు చెయ్యి బిగిసి వదిలాక ఆమె కంగారుపడుతుంది. కంగారులో బీపీ పెరుగుతుంది. ఆ పెరిగిన అంకెను చూపించాల్సిన బాధ నాది.

ఇంకో నష్టం కూడా ఉంది. సెల్లులు తీసి వేసినప్పుడల్లా నాలాంటి చాలా మిషన్లలో తేదీ, సమయం చెరిగిపోతాయి. ఏ కొలత ఏ రోజుదో తెలియని చిట్టా డాక్టరుకు పెద్దగా పనికిరాదు. కోడలు నోటుబుక్కులో చేత్తో రాయడం మొదలుపెట్టింది అందుకే.

అసలు మర్మం ఆమె కనిపెట్టింది కూడా అనుకోకుండానే. నాలోంచి తీసేసిన సెల్లులను పారేయకుండా ఒకదాన్ని గోడ గడియారంలో వేసింది. అది నెలల తరబడి తిరిగింది. ఇంకో రెండు టీవీ రిమోట్‌లోకి వెళ్లి అక్కడా పనిచేశాయి. నా దగ్గర చచ్చిపోయాయనుకున్నవి పక్క గోడ మీద బతికే ఉన్నాయి. "అత్తమ్మా, సెల్లులు ఖరాబైతలేవు, ఈ మిషిన్‌కు అవి చాల్తలేవు" అంది. నన్ను ఇంత సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్లు అంతకుముందు లేరు.

కార్బన్-జింక్ సెల్లును నేను తక్కువ చేయడం లేదు. పెద్దావిడ పాలమూరు పల్లెలో ఉన్న రోజుల్లో రాత్రిపూట కరెంటు వస్తే బావి మోటారు వేయడానికి టార్చిలైటు పట్టుకుని పొలానికి వెళ్లేవాళ్లు. పొద్దున రేడియోలో వార్తలు వినేవాళ్లు. వాటన్నిటికీ దమ్ము ఆ సెల్లులే. 1972లో ఏర్పడిన ఇండో నేషనల్ కంపెనీ జపాన్‌కు చెందిన మత్సుషిత సాంకేతిక సహకారంతో నెల్లూరులో నిప్పో సెల్లులు తయారు చేసింది, తరువాత తడలో కూడా. మన నేల మీద తయారైన ఆ సెల్లులు లేకపోతే కరెంటు లేని ఎన్ని ఊళ్లలో రేడియో మూగగా ఉండేదో! గడియారానికీ రిమోట్‌కూ ఈనాటికీ ఐఎస్ఐ ముద్ర ఉన్న మంచి కార్బన్-జింక్ సెల్లు చాలు. అక్కడ అంతకు మించి డబ్బు పెట్టడం దండగని నా అభిప్రాయం.

నాకు కావలసింది ఆల్కలైన్. ఇందులోనూ జింకు, మాంగనీసు డయాక్సైడే. కానీ జింకు పొడి రూపంలో ఉంటుంది, నడుమ పొటాషియం హైడ్రాక్సైడు ఉంటుంది. అందుకే ఒక్కసారిగా ఎక్కువ లాగినా తట్టుకుంటుంది. గుర్తుపట్టడం కూడా తేలికే: సెల్లు మీద సన్నని అక్షరాల్లో 'ఆర్6' అని ఉంటే కార్బన్-జింక్, 'ఎల్ఆర్6' అని ఉంటే ఆల్కలైన్. చిన్న పెన్సిల్ సెల్లయితే ఆర్03, ఎల్ఆర్03. 'హెవీ డ్యూటీ' అని పెద్ద అక్షరాలు చూసి చాలామంది మోసపోతారు. ఆ మాట ఉండేది సాధారణంగా కార్బన్-జింక్ మీదే. ధర ఎక్కువే కానీ నాలాంటి వాటికి ఆల్కలైన్ ఎన్నో రెట్లు ఎక్కువ రోజులు వస్తుంది కాబట్టి ఒక్కో కొలతకు పడే ఖర్చు చూస్తే అదే చవక. దాని మీద వాడాల్సిన గడువు చూసుకుని, తాజాది తీసుకోవాలి. ఎండకు కాగే కొట్టు అద్దాల వెనక ఏడాదిగా వేలాడుతున్న ప్యాకెట్టును వదిలేయడం మంచిది. వేడిలో సెల్లు వాడకుండానే సారం పోగొట్టుకుంటుంది.

మనవడి బొమ్మకారుది వేరే కథ. అది రోజూ సెల్లులు మింగేది. దానికి ఛార్జింగ్ సెల్లులు తెచ్చారు, నికెల్-మెటల్ హైడ్రైడ్ రకం. ఒక్కోటి 1.2 వోల్టులే అయినా ఎక్కువ లాగినప్పుడు నిలకడగా ఉంటాయి, వందల సార్లు ఛార్జి చేసుకోవచ్చు. పాతకాలపువి వాడకపోయినా వారాల్లోనే ఛార్జి పోగొట్టుకునేవి. 2005లో జపాన్‌లో సాన్యో తెచ్చిన ఎనెలూప్ తరువాత నెలల తరబడి ఛార్జి నిలబెట్టుకునే రకాలు అందరికీ వచ్చాయి. రోజూ వాడే బొమ్మకు వాటిని మించినవి లేవు. నాలో వేయాలంటే మాత్రం ముందు నాతో వచ్చిన పుస్తకం చూడాలి. నాలుగూ కలిసినా 4.8 వోల్టులే కాబట్టి కొన్ని మిషన్లు సెల్లు నిండుగా ఉన్నా అయిపోయిందని చూపిస్తాయి.

ఒకసారి వేసవిలో ఇంటిల్లిపాదీ నాలుగు సెల్లులనూ నాలోనే వదిలి ఊరికి వెళ్లారు. అందులో రెండు కొత్తవి, రెండు పాతవి. ఇలా కలిపితే బలహీనమైనది ముందే ఖాళీ అవుతుంది, మిగతావి దాని గుండా కరెంటు బలవంతంగా తోస్తాయి, లోపల వాయువు పుట్టి అది కారుతుంది. పైన రేకుల వేడి. తిరిగొచ్చేసరికి నా స్ప్రింగుల మీద తెల్లటి పొక్కు. కోడలు చేతులకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, దూదికి కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, ఆరబెట్టింది. ఆల్కలైన్ సెల్లు నుంచి కారేది క్షారం కాబట్టి నిమ్మరసం, వెనిగర్ దాన్ని విరుస్తాయి. నేను బతికాను. అప్పటి నుంచి నాలుగూ ఒకే ప్యాకెట్టువి, ఒకేసారి మారుస్తున్నారు. ఊరికి వెళ్తే తీసి పెడుతున్నారు. ఇంట్లో కరెంటు ఉన్నప్పుడు నా కంపెనీ అడాప్టరే వాడుతున్నారు.

నా పక్కనే చక్కెర చూసే గ్లూకోమీటరు ఉంటుంది. దానిలో ఉండేది సీఆర్2032, మూడు వోల్టుల లిథియం బటన్ సెల్లు, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. దీని గురించి మాత్రం నేను భయంతో చెబుతున్నాను. పసిపిల్లలు దీన్ని మింగితే గొంతు గోడకు అంటుకుని, అక్కడి తడిలో కరెంటు పారి క్షారం పుట్టించి రెండు గంటల్లోనే కాల్చేస్తుంది. అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా నేరుగా నీలోఫర్ లాంటి పెద్ద పిల్లల ఆసుపత్రికి పరుగెత్తాలి. పాతదైనా సరే, బటన్ సెల్లు ప్యాకెట్టు నుంచి తీసిన క్షణం నుంచి పారేసే దాకా పిల్లల చేతికి అందకూడదు.

అయిపోయిన సెల్లులు ఇప్పుడు ఒక మూతబిగించిన డబ్బాలోకి వెళ్తున్నాయి. బటన్ సెల్లుల రెండు వైపులా కోడలు టేపు అంటిస్తుంది. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం చిన్న సెల్లులు కూడా తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది, దిగుమతి చేసుకునేవాళ్లది. తడిచెత్త, పొడిచెత్తతో కలపకూడదని సెల్లు మీద గీత కొట్టిన చెత్తబుట్ట బొమ్మ కూడా ఉంటుంది. మా వీధిలో ఇచ్చే చోటు ఇంకా లేదు. కోడలు బోరబండ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి తరువాతి స్టేషన్ హైటెక్ సిటీలో దిగి ఆఫీసుకు వెళ్తుంది. డబ్బా నిండితే అక్కడి ఈ-వేస్ట్ పెట్టెలో వేసి వస్తుంది. మొన్న కిరాణా కొట్టతన్ని, "అన్నా, సెల్లులు అమ్ముతున్నవు గదా, పాతవి తీసుకునేటందుకు ఒక డబ్బా పెట్టరాదే" అని అడిగింది. కంపెనీ మనిషి వస్తే మాట్లాడతానన్నాడు. మాట్లాడితే ఈ సైట్-3లో ఎన్నో ఇళ్ల సెల్లులు మట్టిలోకి పోకుండా ఆగుతాయి. అతను మాట్లాడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.