పంతులుగారి వంతు

2021 జనవరి 16వ తేదీన దేశమున కోవిడ్ టీకాల మహాయజ్ఞము ఆరంభమైనప్పుడు హవిర్భాగములకు అర్హులెవ్వరన్న విచారము ఢిల్లీ పెద్దలకు కలిగెను. వైద్యసిబ్బందికి అగ్రతాంబూలము, అది న్యాయము. పిమ్మట పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు, రెవిన్యూ ఉద్యోగులు, అదియును న్యాయమే. మార్చిలో అరువదేండ్లు నిండినవారికిని, దీర్ఘరోగములుండి నలుబదియైదేండ్లు దాటినవారికిని పిలుపు వచ్చెను. గాలి చొరని గదిలో బెంచీకి నలుగురుగా క్రిక్కిరిసిన పిల్లల యూపిరుల నడుమ దినమెల్ల గొంతు చించుకొను బడిపంతులు మాత్రము, తన వృత్తి పేర, ఏ వరుసలోను కానరాడయ్యెను.

అట్లని ఏలికలు పంతులును బొత్తిగా మరచిరనుట అపచారము. ఆ యేడే బెంగాలు, అస్సాము, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరులలో ఎన్నికలు దాపురింపగా, పోలింగు సిబ్బందియెల్ల ముందువరుస యోధులేయని ప్రకటించి వారిని టీకాకు అర్హులను గావించిరి. ఆ సిబ్బందిలో పంతుళ్ళు ఎందరుందురో వేరుగ చెప్పవలయునా? సుద్దముక్క పట్టిన చేతి జోలికి రాని వైరసు ఓటింగు యంత్రము పట్టిన చేతిని మాత్రము విడువదన్న సూక్ష్మము ఏ ప్రయోగశాలలో తేలినదో కాని, తేలినమాట నిజము.

మన సీమ ఉపాధ్యాయుని బహుముఖ ప్రజ్ఞను అంతకుమున్నే గుర్తించినది. 2020 మే నెలలో ఆంధ్రప్రదేశమున మద్యపు దుకాణములు తెరచినప్పుడు విశాఖ జిల్లాలో పంతుళ్ళను ఆ దుకాణముల యెదుట జనమును వరుసలో నిలుపు పనికి నియోగించిన వైనము పత్రికలకెక్కెను. ఆ వరుసలో పూర్వశిష్యుడు తటస్థపడినచో ముందుగా తల దించుకొనినది గురువో, శిష్యుడో!

తెలంగాణమున 2021 ఫిబ్రవరి 1న పంతుళ్ళకు సూది పడకుండగనే తొమ్మిది, పది తరగతులు తెరచి, మార్చి 24 నుండి మరల మూసిరి. ఏప్రిల్ 17న నాగార్జునసాగరు ఉపయెన్నికకును, 30న వరంగల్లు, ఖమ్మము పురపోరులకును మాత్రము ముహూర్తము తప్పలేదు. మే నెలాఖరున ‘సూపర్ స్ప్రెడర్ల’కని ప్రత్యేకముగ టీకాలు వేసినప్పుడు గ్యాసుబండలు చేరవేయువారును, రేషను డీలర్లును, క్షురకులును, మద్యపు దుకాణములవారును పిలువబడిరి. మరి పంతులో? బడులు మూసియున్నవి గదా, ఆయనకు తొందరయేమి? బడులేల తెరువరాదు? పంతులుకు సూది పడలేదు గదా! పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లియైనగాని పిచ్చి కుదురదు.

తుదకు ఆగస్టు 25న కేంద్ర ఆరోగ్యమంత్రి మన్‌సుఖ్ మాండవీయ, సెప్టెంబరు 5 నాటి గురుపూజోత్సవమునకు ముందే పంతుళ్ళందరికి టీకా ముగియవలెనని, రాష్ట్రములకు రెండుకోట్ల డోసులు అదనముగ ప్రసాదించెను. ఆంధ్రమున బడిగంట ఆగస్టు 16ననే మ్రోగియుండెను. తెలంగాణమున సెప్టెంబరు 1న మ్రోగెను. సూది పంతులు ప్రాణమును కాచునదే. అందుకే, అందుకు మాత్రమే, దానిని తొలుతనే ఈయవలసియుండెను. బడి తలుపు తాళము ఏనాడును ఆ సూదిమొనపై లేదు. సందేహమున్నవారు మరు జనవరిని చూడుడు: సూదులు పొడిపించుకొనిన పంతుళ్ళు ఇరువైపుల నుండగా, తెలంగాణము సంక్రాంతి సెలవులను నెలాఖరు దాక సాగదీసినది, ఆంధ్రప్రదేశము 17వ తేదీననే బడులు తెరచినది.