దశదానాల తరువాత పదకొండవది

ధర్మశాస్త్రకారులు గోదానం, భూదానం, తిలదానం మొదలుకొని లవణదానం వరకు పది దానాలను లెక్కగట్టి అక్కడితో ఆగిపోయారు. వారు విద్యుత్ గిటారును ఎరుగరు. అందువల్ల, దాత టికెట్టు కొని, మైదానంలో గెంతి, గొంతు బొంగురుపోయేదాకా అరిచి, ఇంటికి వెళ్లి హాయిగా నిద్రపోతే ఎక్కడో ఆకలితో ఉన్నవాడి కడుపు నిండే పదకొండవ దానానికి, అనగా ధర్మకార్యం పేరిట జరిగే రాక్ సంగీతోత్సవానికి, శాస్త్రంలో చోటు దొరకలేదు. స్మృతికర్త దేవలుడు దానానికి ఆరు అంగాలు చెప్పాడు: ఇచ్చేవాడు దాత, పుచ్చుకునేవాడు ప్రతిగ్రహీత, ఇచ్చే మనసు శ్రద్ధ, ఇచ్చే వస్తువు దేయం, వీటికి తోడు తగిన దేశం, తగిన కాలం. పుణ్యమూ వినోదమూ ఒకే టికెట్టు మీద లభించే ఈ నూతన దానం ఆ ఆరింటిని ఎంత భక్తితో పాటిస్తున్నదో పరిశీలించడం పండితుల కర్తవ్యం.

మొదట దేయం. ఈ దానానికి ఆదిపురుషులు బీటిల్స్ బృందపు జార్జ్ హారిసన్, సితార్ విద్వాంసుడు రవిశంకర్. తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) నుంచి లక్షల మంది శరణార్థులు భారతదేశంలోకి వచ్చిపడుతున్న రోజుల్లో, 1971 ఆగస్టు 1న, న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వారు జరిపిన రెండు కచేరీలకు కలిపి దాదాపు 40,000 మంది వచ్చారు. రవిశంకర్, సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ తదితరులు ఇంకా వాద్యాలను శ్రుతి చేసుకుంటుండగానే సభ చప్పట్లతో మారుమోగింది; శ్రుతి చేయడమే ఇంతగా నచ్చినవారికి వాయించడం మరింత నచ్చగలదని రవిశంకర్ చురక వేయవలసి వచ్చింది. ఏది సన్నాహమో ఏది సంగీతమో తేలకముందే పరవశించగలగడం ఈ దాతకు ఉండవలసిన ప్రథమ అర్హత అని ఆనాడే స్థిరపడింది. టికెట్ల మీద వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యునిసెఫ్‌కు చేరాయి గాని, ఆ కచేరీ రికార్డుల మీదా సినిమా మీదా వచ్చిన సొమ్ము, అంతకు ఎన్నో రెట్లు పెద్దది, పన్ను మినహాయింపునకు ముందుగా దరఖాస్తు పెట్టుకోని కారణంగా అమెరికా పన్నుల శాఖ దగ్గర ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది. పన్ను వసూలు చేసేవాడిని ఎగతాళి చేస్తూ 1966లోనే ‘టాక్స్‌మ్యాన్’ అనే పాట కట్టిన హారిసన్‌కే ఈ గతి పట్టిందంటే, గిటారు మీటడం వేరు, దరఖాస్తు నింపడం వేరు అన్న సూత్రానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు. యుద్ధం ముగిసింది, కొత్త దేశం పుట్టింది, శరణార్థులు ఇళ్లకు తిరిగి వెళ్లారు, దేయంలో పెద్ద భాగం మాత్రం ఇంకా దస్త్రాల్లోనే ఉండిపోయింది. ఆ కచేరీ వల్ల బంగ్లాదేశ్ పేరు పాశ్చాత్య యువతరం చెవిన పడిందన్నది నిజమే, అది చిన్న మేలేమీ కాదు. అయితే పేరు చెవిన పడడమే ప్రాణం నిలబడడమన్న అపోహకు కూడా అక్కడే అంకురార్పణ జరిగింది.

ఆ అంకురం మానై విస్తరించినది 1985 జూలై 13న. అంతకు ముందటి అక్టోబరులో ఇథియోపియా కరువును బీబీసీ చూపించగా చలించిపోయిన ఐరిష్ గాయకుడు బాబ్ గెల్డాఫ్ పూనుకోవడంతో, లండన్‌లోని వెంబ్లీ మైదానంలోనూ అమెరికాలోని ఫిలడెల్ఫియాలోనూ ఒకే రోజున ‘లైవ్ ఎయిడ్’ జరిగింది. ఇక్కడ దాత ఎవరన్నది సూక్ష్మమైన ప్రశ్న. గాయకుడు పారితోషికం వదులుకున్నాడు గనుక దాత, ప్రేక్షకుడు టికెట్టు కొన్నాడు గనుక దాత, ఇంట్లో సోఫా దిగకుండా పదహారు గంటల ప్రసారాన్ని చూసినవాడు కన్నీరు కార్చాడు గనుక అతడూ దాతే. గాయకుడు ఫిల్ కాలిన్స్ లండన్‌లో పాడి, ధ్వని కంటే వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానమెక్కి, అట్లాంటిక్ దాటి, అదే రోజు ఫిలడెల్ఫియాలోనూ పాడాడు. ఇథియోపియాలోని కోరెం కరువు శిబిరంలో పిడికెడు ధాన్యం కోసం వరుసలో కూర్చున్నవారికి ఈ రెండో హాజరు వల్ల అదనంగా దక్కినదేమిటన్నది ఆకలి శాస్త్రానికి గాని విమానయాన శాస్త్రానికి గాని ఇంతవరకు అంతుపట్టలేదు. కోట్ల డాలర్లు పోగైన మాట వాస్తవం. జ్ఞాపకంలో పోగైనది మాత్రం మరొకటి: లైవ్ ఎయిడ్ అనగానే లోకానికి గుర్తొచ్చేది తెల్ల బనియను వేసుకుని సభను ఆడించిన క్వీన్ బృందపు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ, 2018లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ సినిమాకు అతడు పాడిన ఆ ఇరవై నిమిషాలే పతాక సన్నివేశం. కోరెం పేరు గుర్తున్నవాడు ఆ సినిమా చూసినవారిలో ఒక్కడు దొరికినా అతడికి దుశ్శాలువా కప్పవచ్చు.

ప్రతిగ్రహీత సంగతి మరీ చిత్రం. ఈ దానంలో పుచ్చుకునేవాడు కనబడకూడదన్నది అలిఖిత నియమం. పోస్టరు మీద బొమ్మగా ఉండవచ్చు గాని మైకు దగ్గరికి రాకూడదు, వస్తే తన ఆకలికి కారణాలు చెబుతాడేమోనన్న భయం ఉంటుంది. ఇథియోపియాలో కరువుకు వాన లేకపోవడంతోపాటు అంతర్యుద్ధమూ, మెంగిస్తు హైలె మరియం సైనిక ప్రభుత్వ విధానాలూ కారణమే. ఆ ప్రభుత్వం ఉత్తరాది జనాన్ని లక్షల సంఖ్యలో దక్షిణానికి బలవంతంగా తరలిస్తున్నదనీ, సహాయ ధాన్యాన్నే అందుకు ఎరగా వాడుతున్నదనీ ఎం.ఎస్.ఎఫ్. అనే ఫ్రెంచి వైద్య సేవాసంస్థ బహిరంగంగా ప్రకటించి, 1985 డిసెంబరులో ఆ దేశం నుంచి బహిష్కారానికి గురైంది. ఇటువంటి చిక్కుముళ్లకు తాళం వేయడం కష్టం గనుక, వాటికి పాటల్లో చోటు ఉండదు. ఇరవై ఏళ్ల తరువాత, 2005 జూలై 2న, ఆఫ్రికా పేదరికాన్ని రూపుమాపే నిమిత్తం ప్రధానంగా ధనిక దేశాల నగరాల్లో జరిగిన ‘లైవ్ 8’ లో, లండన్ హైడ్ పార్కు వేదిక మీద ఆఫ్రికా కళాకారులు బొత్తిగా కరవయ్యారన్న గోల బయలుదేరింది. నిర్వాహకులు దయతలచి వారికోసం కార్న్‌వాల్‌లోని ఈడెన్ ప్రాజెక్టు అనే ఉద్యానవనంలో విడిగా కచేరీ ఏర్పాటు చేశారు. ఒక ఖండం పేరిట పెళ్లి చేస్తూ, ఆ ఖండం వారికి ఊరవతల విస్తళ్లు వేసినట్లుందని గిట్టనివారు అనుకుంటే ఆ దోషం అనుకున్నవారిది కాదు.

శ్రద్ధకు ఉదాహరణ కోసం విదేశాలకు వెళ్లనక్కరలేదు. 2016 నవంబరు 19న ముంబయిలోని బాంద్రా-కుర్లా కాంప్లెక్సులో ‘గ్లోబల్ సిటిజన్ ఫెస్టివల్’ జరిగింది. కోల్డ్‌ప్లే, జే-జీ, ఏ.ఆర్. రెహమాన్ పాల్గొన్నారు. డబ్బు పెట్టి కొనుక్కునే టికెట్లు కాక, ఫోనులో యాప్ వేసుకుని, వినతిపత్రాల మీద మీట నొక్కి, సందేశాలు పంపి, పుణ్యాన్ని పాయింట్ల రూపంలో కూడబెట్టినవారికి లాటరీలో ప్రవేశం దొరికే ఏర్పాటు కూడా చేశారు. పూర్వం పుణ్యం లెక్కలు చూడడానికి చిత్రగుప్తుడు ఒక్కడే ఉండేవాడు, ఇప్పుడు ఆ ఉద్యోగం యాప్‌కు దక్కింది. ఉత్సవ లక్ష్యాల్లో ఒకటి పారిశుద్ధ్యం. మైదానానికి కూతవేటు దూరంలో, మీఠీ నది ఒడ్డున, మరుగుదొడ్డికి జనం వంతులు వేసుకునే ధారావి ఉంది. చెవిన పడిన పాటకు టికెట్టు అడగలేదు గనుక ఆ రాత్రి అక్కడివారికి కూడా ఎంతో కొంత ముట్టినట్లే లెక్క. పెద్ద నోట్లు రద్దయి పదకొండు రోజులే కావడంతో దేశమంతా ఏటీఎంల ముందు బారులు తీరి ఉండగా, అన్నిటికంటే ఉత్సాహంగా కదిలిన వరుస మాత్రం ఈ ఉత్సవ ద్వారం దగ్గరిదే అయి ఉండాలి.

దేశకాలాల గురించి చెప్పవలసింది కొద్దే. భూతాపం మీద లోకాన్ని మేల్కొల్పడానికి 2007 జూలై 7న పలు ఖండాల్లో ‘లైవ్ ఎర్త్’ జరిపినప్పుడు, గాయకులు విమానాల్లో వచ్చి, లక్షల వాట్ల దీపాల కింద నిలబడి, ఇంట్లో దీపాలు ఆర్పమని జనానికి హితవు చెప్పారు. ఈ సంగతి అందరికీ తెలిసిందేగా, ఇక ఈ కచేరీ ఎందుకని అప్పుడు ప్రశ్నించినవాడు సాక్షాత్తు గెల్డాఫే.

తారల ఆకర్షణతో చందాలు పోగుచేయడం తెలుగువారికి కొత్త కాదు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగారు. అక్కడ కూడా జనం ఎగబడింది వరద బాధితుల మీది జాలితో మాత్రమే కాదు, అభిమాన తారను దగ్గరగా చూడాలన్న మోజు కూడా అందులో దండిగా ఉంది. అయితే జోలెలో రూపాయి వేసినవాడు రూపాయి వేశానని అనుకున్నాడే తప్ప, రామారావును చూసినందుకు తాను దివిసీమను ఉద్ధరించానని అనుకోలేదు. పదకొండవ దానం సాధించిన అసలు ఆవిష్కరణ ఆ తేడాను చెరిపివేయడమే: ఇందులో చూడడమే ఇవ్వడం, వినడమే ఇవ్వడం, చేతికి పట్టీ కట్టుకోవడమే ఇవ్వడం. 2005 నాటి పేదరిక నిర్మూలన ఉద్యమపు తెల్ల పట్టీల్లో కొన్ని, కార్మిక ప్రమాణాలు పాటించని చైనా కర్మాగారాల్లో తయారయ్యాయని తేలినా, కట్టుకున్నవారి పుణ్యానికి నలక కూడా అంటలేదు.

పాట వినదలచినవాడు డబ్బిచ్చి పాట వింటే అందులో పాపమూ లేదు, పుణ్యమూ లేదు; వినోదానికి చెల్లించిన సొమ్ము విరాళంగా మారదన్న చిన్న లెక్క తెలిస్తే చాలు. వ్రతకల్పాల చివర ఫలశ్రుతి ఉంటుంది, అంటే ఆ వ్రతం ఎవరికి ఏ ఫలం ఇస్తుందో చెప్పే భాగం. లైవ్ 8 వ్రతం ముగిసిన వెంటనే బ్రిటన్ దుకాణాల్లో అందులో పాడినవారి ఆల్బముల అమ్మకాలు ఎన్నో రెట్లు పెరిగాయి, పింక్ ఫ్లాయిడ్ పాత సంకలనమైతే పది రెట్లకు పైగా. అలా వచ్చిన లాభాన్ని తాను ఉంచుకోబోనని, ధర్మకార్యాలకే ఇస్తానని, తక్కినవారు కూడా ఇవ్వాలని ఆ బృందపు డేవిడ్ గిల్మోర్ ప్రకటించాడు. ఆ ఉత్సవం మొత్తంలో దేవలుడు దానమని ఒప్పుకోగలిగిన పని అదొక్కటే కావచ్చు, అది కూడా జరిగింది వేదిక దిగిన తరువాత, గిటారు పక్కన పెట్టాక.